కర్పూర తైలము మందే. రంగుల దుకాణపు సీసా మందు కాదు

పాడి పశువున్న ఇంటిలో చూరు క్రిందనో, గోడ గూటిలోనో ఒక సీసా ఉండుట మనమందరము ఎరిగినదే. దానిని కొందరు కర్పూర తైలమందురు. కొందరు టర్పెంటైన్ అందురు. గేదెకు కడుపు ఉబ్బినచో ఆ సీసా దిగును. పుండులో పురుగు పడినచో అదే దిగును. ఇంటి పెద్దకు మోకాలు పట్టినను, తలుపులకు రంగు వేయవలసి వచ్చినను అదే. ఒక్క సీసా ఇన్ని పనులకు అక్కరకు వచ్చుచున్నదని మనము సంతోషించుచున్నాము. ఆ సంతోషములోనే ఒక ప్రమాదము దాగియున్నదని నా అభిప్రాయము. దానిని రైతు సోదరులకును, గ్రామాధికారులకును తెలియజేయుటకే ఈ వ్యాసము.

నేను చెప్పదలచినవి ముఖ్యముగా మూడు మాటలు. ఒకటి: చెట్టునుండి వచ్చు కర్పూర తైలము వేరు, నేడు రంగుల దుకాణములో ఆ పేరుతోనే అమ్ముచున్న సరుకు వేరు. రెండు: పుండులో పురుగులకు ఇది మంచి మందు; కడుపు ఉబ్బరమునకు మాత్రము రైతు తన చేతితో పట్టదగిన మందు కాదు. మూడు: పశువుకు మందైనది పసిబిడ్డకు విషము కాగలదు, కావున దానిని ఉంచు చోటును, ఉంచు తీరును మార్చుకొనవలెను.

నాగోలును చూడుడు

హైదరాబాదునకు తూర్పున, మూసీ ఒడ్డున ఉన్న నాగోలు ఒకప్పుడు పల్లె. నేడు అది మహానగరములో భాగము. 2017 నవంబరులో మెట్రో రైలు మొదటిసారి నడచినప్పుడు ఆ మార్గమునకు తూర్పు కొస నాగోలే. ఇన్ని మేడలు లేచినను ఆ ప్రాంతమునుండి పాడి పూర్తిగా పోలేదు. నగరమునుండి దిగివచ్చు మూసీ నీటితో నాగోలు మొదలుకొని దిగువ గ్రామముల వెంట పారాగడ్డి పెంచి, దానిని కోసి, నగరములోని గేదెల కొట్టములకు అమ్ముట ఎంతోమందికి జీవనాధారమైనది. ఈ సంగతిని 2000 తరువాతి సంవత్సరములలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు వివరముగా వ్రాసి ఉంచిరి.

ఇట్టి చోట పాడి చేయువారికి పల్లె రైతునకు లేని చిక్కులు కొన్ని కలవు. గేదెలు బయళ్ళలో తిరుగవు. కట్టుగొయ్య వద్దనే ఉండును. మేతతోబాటు పెండ్లి విందులలో మిగిలిన అన్నము, హోటళ్ళలో మిగిలిన రొట్టె, కూరగాయల మార్కెట్టు చెత్త కొట్టమునకు చేరును. ఆ చెత్తతో ప్లాస్టిక్ సంచులును వచ్చును. కాబట్టి కడుపు ఉబ్బరము తరచుగా కనబడును. తడి నేల, పేడకుప్పలు, ఈగలు ఉన్నచోట చిన్న గాయము సైతము రెండు మూడు దినములలో పురుగు పట్టును.

ఇక మరియొక సంగతి. కొత్త ఇండ్లు లేచుచున్న పేటలలో రంగుల దుకాణము వీధికొకటి ఉండును. పశువైద్యశాల అంత దగ్గర ఉండదు. రాత్రి ఎనిమిది గంటలకు గేదె ఉబ్బినప్పుడు రైతు కుర్రవానిని "టర్పెంటైన్ తెమ్ము" అని పంపినచో వాడు ఎచ్చటికి పరుగెత్తును? రంగుల దుకాణమునకే. దుకాణదారుడు ఏది ఇచ్చును? రంగులో కలుపునది ఇచ్చును. అతని తప్పు లేదు. అడిగిన పేరు అదే, ఇచ్చిన సరుకు పేరు అదే. ప్రాణము మాత్రము గేదెది. నేడు మంచి ముర్రా గేదె వెల లక్ష రూపాయల మాట. ఆ లక్ష రూపాయలు ఒక్క పేరులోని తికమకకు బలి కారాదు.

నాగోలు పేరు చెప్పితినే గాని ఇది నాగోలు ఒక్కదాని సంగతి కాదు. పట్టణము పెరిగి పల్లెను తాకుచున్న ప్రతి చోట, అది వరంగల్లు కానిండు, విజయవాడ కానిండు, పరిస్థితి ఇదే.

ఈ తైలము ఎచ్చటిది?

కర్పూర తైలమని పేరున్నను ఇది కర్పూరపు చెట్టు నూనె కాదు. సూదులవంటి ఆకులు గల పైన్ చెట్ల బంకనుండి ఇది వచ్చును. మన సంస్కృత నిఘంటువులలో సరళ వృక్షమని చెప్పబడినది ఈ జాతియే. మన దేశములో దీనికి ముఖ్యాధారము హిమాలయపు కొండ చరియలలో పెరుగు చీర్ పైన్ చెట్టు. ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్, జమ్మూ ప్రాంతములలో ఈ అడవులు కలవు. మన తెలుగు నేలపై ఇవి సహజముగా పెరుగవు; అరకు కొండలపై కనబడునవి నాటి పెంచినవి. మన సముద్ర తీరపు సరుగుడును చూచి ఇదియు అదే జాతి కాబోలు అని కొందరు అనుకొందురు. ఆకు పోలికయే గాని సరుగుడు ఈ జాతి చెట్టు కాదు. దానినుండి ఈ తైలము రాదు.

ఆ కొండలలో చెట్టు బెరడును కొద్దిగా చెక్కి, క్రింద చిన్న పాత్ర అమర్చుదురు. గాయమునుండి కారిన బంక ఆ పాత్రలో చేరును. తాటి గెలను చెక్కి కల్లు ముంత కట్టుట వంటిదే ఈ పని. ఆ బంకను నీటి ఆవిరితో బట్టీ పట్టినచో పలుచని తైలము ఆవిరిగా లేచి, చల్లబడి, వేరుగా దిగును. అదియే టర్పెంటైన్. అడుగున మిగిలిన గట్టి పదార్థము రోజిన్. సబ్బు, కాగితము, వార్నీషు పరిశ్రమలకు అది కావలెను. నూరు కిలోల బంకకు సుమారు 15 నుండి 20 కిలోల తైలమును, 70 కిలోలకు పైగా రోజిన్‌ను వచ్చును. హిమాచల్ ప్రదేశ్ అటవీ సంస్థవారికి నాహన్, బిలాస్‌పూర్ పట్టణములలో ఇట్టి కర్మాగారములు కలవు.

ఈ తైలములో ముఖ్యముగా పైనీన్, కారీన్ అను ద్రవ్యములు ఉండును. వీని గుణములు తెలిసినచో తైలము మంచిచెడ్డలు రెండును తెలియును. ఇవి క్రొవ్వులో తేలికగా కరగును. కావున చర్మముగుండా లోనికి పోగలవు. తేలికగా ఆవిరియగును, కావున ఊపిరితో లోనికి పోగలవు. త్వరగా అంటుకొనును. గాలి తగిలి పాతబడినకొలది చర్మమును మరింత మండించు ద్రవ్యములుగా మారును. సగము వాడి, మూత సరిగా పెట్టక ఏండ్ల తరబడి ఉంచిన సీసా అందుచేతనే పనికిరాదు.

మరియొక విశేషము. నేడు మన దేవాలయములలో హారతికి వెలిగించు కర్పూరములో అధికభాగము చెట్టునుండి నేరుగా వచ్చినది కాదు. ఈ టర్పెంటైన్‌లోని పైనీన్‌నుండి కర్మాగారములలో తయారైనది. కర్పూర తైలమన్న పేరునకు ఈ విధముగా కొంత సార్థకత కలిగినది. కాని పేరు ఒకటైనంత మాత్రమున కర్పూరము, కర్పూర తైలము ఒకదానికి బదులు మరియొకటి వాడరాదు.

రంగుల దుకాణములో అమ్మునది ఏమి?

నేడు రంగుల దుకాణములలో టర్పెంటైన్ అన్న పేరుతో దొరకునది చాలవరకు ఖనిజ టర్పెంటైన్. దీనికి చెట్టుతో సంబంధము లేదు. ముడి చమురు శుద్ధి కర్మాగారములలో పెట్రోలు, కిరోసిను వచ్చు దారినే ఇదియు వచ్చును. రంగును పలుచన చేయుటకు, కుంచెలు కడుగుటకు ఇది చక్కగా పనిచేయును, చౌక కూడ. ఆ పనికి దానిని నిందింపనక్కరలేదు. కాని దానిని గేదె నోటిలో పోయుట కిరోసిను పోయుట వంటిదే. ఇక థిన్నర్ అని అమ్ము సరుకు ఇంకను ఘాటైన రసాయనముల మిశ్రమము; దాని పేరు సహితము పశువుల కొట్టములో వినబడరాదు.

వాసన చూచి కనిపెట్టగలమని కొందరు అందురు. అది నమ్మదగినది కాదు. రెండును ఘాటుగానే ఉండును, రెండును నీరువలెనే కనబడును. నమ్మదగిన పద్ధతి ఒక్కటే. మందుగా వాడదలచిన తైలమును మందుల దుకాణములోనే కొనవలెను. సీసాపై ఔషధముగా వాడదగినదని చీటీ ఉండవలెను. చీటీలేని సీసా, నీళ్ళ సీసాలో పోసి ఇచ్చిన తైలము, దుకాణములో డబ్బానుండి కొలిచి పోసిన తైలము ముట్టరాదు.

అవిసె నూనె విషయమున కూడ ఇదే జాగ్రత్త కావలెను. కడుపు ఉబ్బరమునకు అవిసె నూనె పట్టుట పాత పద్ధతి. రంగుల దుకాణములో దొరకు కాచిన అవిసె నూనెలో రంగు త్వరగా ఆరుటకై లోహముల లవణములు కలిపియుందురు. అది పశువుకు పనికిరాదు. తినుటకు పనికివచ్చు నూనె మాత్రమే పశువు నోటికి పోవలెను.

ఈ తైలము నిజముగా పనికివచ్చు చోటు

నేను ఈ తైలమునకు శత్రువును కాను. పుండులో పురుగు పడినప్పుడు దీనికి సాటి వచ్చు చౌక మందులు తక్కువ. గాయము అంచున ఈగ గ్రుడ్లు పెట్టును. ఒక దినములోపలనే అవి పొదిగి పురుగులగును. అవి తల లోపలికి పెట్టి బ్రతికియున్న కండనే తినుచు అయిదారు దినములు పెరిగి, నేల రాలి, మట్టిలో గూడు కట్టుకొని మరల ఈగలగును. పైకి రూపాయి బిళ్ళంత గాయము కనబడినను లోపల గుప్పెడంత గుంట ఉండవచ్చును. అట్టి పురుగులను గాలి ఆడకుండ చేసి పైకి రప్పించుటయే తైలము చేయు పని.

పద్ధతి ఇది. పశువును కదలకుండ కట్టవలెను. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. గాయము చుట్టు వెంట్రుకలు కత్తిరించి, చీము, మురికి కడుగవలెను. శుభ్రమైన గుడ్డ పీలికను తైలములో ముంచి, కారిపోకుండ పిండి, పుండు గుంటలో ఉంచవలెను. పది పదిహేను నిమిషములలో పురుగులు పైకి వచ్చును. గుడ్డ తీసి చిమటాతో ఒక్కొక్కటిగా ఏరవలెను. ఏరిన పురుగులను నేలపై వేయరాదు. వేసినచో మరుసటి వారమునకు మరల ఈగలను పెంచినట్లే. ఫినాయిలు పోసిన డబ్బాలో వేసి చంపవలెను. తరువాత పుండును లేత గులాబిరంగు పర్మాంగనేటు నీటితో కడిగి, వేపనూనె గాని పశువైద్యుడు ఇచ్చిన పూత మందు గాని పెట్టవలెను. మరునాడు, మూడవ నాడు తప్పక విప్పి చూడవలెను.

పొరబాటు జరుగునది ఇక్కడనే. పురుగులు పోయిన తరువాత కూడ కొందరు దినదినము తైలము పోయుచుందురు. పురుగును బయటికి తరుము తైలమే కొత్తగా పుట్టుచున్న లేత కండను కాల్చును. మానవలసిన పుండు మానదు. పురుగులు ఉన్నంతవరకే తైలము. పురుగులు పోయిన నాడే తైలము కట్టు.

కంటి దగ్గర, ముక్కులో, చెవి లోతున, చన్నులపైన, మానము వద్ద రైతు ఈ పని చేయరాదు. పశువు నాకగలిగిన చోట పెట్టినచో నాకకుండ కట్టడి చేయవలెను. దూడ బొడ్డులో పురుగు పడినచో అది కడుపునకు దగ్గరి దారి. వెంటనే వైద్యునికి చూపవలెను. పుట్టిన వెంటనే బొడ్డుకు టింక్చరు అయొడిన్ పెట్టినచో ఆ బాధ చాలవరకు రానే రాదు. కుక్కలకు, ముఖ్యముగా పిల్లులకు, ఈ తైలము ఇంటిలో ఎట్టి పరిస్థితిలోను పూయరాదు. వాని శరీరము ఈ ద్రవ్యములను తట్టుకొనలేదు.

కడుపు ఉబ్బరము: మొదట కారణము, తరువాత మందు

ఎడమ డొక్క ఉబ్బి, తట్టినచో డోలువలె మ్రోగుచు, గేదె మేత మాని, పండ్లు కొరుకుచు, నోరు తెరచి ఊపిరి తీయుచుండుట కడుపు ఉబ్బరపు గుర్తులు. తీవ్రమైనచో కొద్ది గంటలలోనే ప్రాణము పోవును. అందుచేతనే రైతు కంగారుపడును. కంగారులో సీసా అందుకొనును.

కాని ఉబ్బరములన్నియు ఒకటి కావు. లూసర్న్, అలసంద వంటి లేత పప్పుజాతి పచ్చిమేత ఎక్కువగా తిన్నప్పుడు పెద్దపొట్టలో నురుగు కట్టి గాలి బయటికి రాదు. ఇది నురుగు ఉబ్బరము; దీనికి నూనె మందు. మిగులు అన్నము, రొట్టె, పిండి ఎక్కువ తిన్నప్పుడు కడుపులో పులుపు పుట్టి నెమరు ఆగిపోవును. దీనికి నూనె చాలదు, వైద్యుడు వేరు చికిత్స చేయవలెను. గొంతులో దుంపముక్క గాని, మామిడి టెంక గాని అడ్డుపడినచో అది తొలగవలెను. పొట్టలో ప్లాస్టిక్ సంచులు చిక్కుకొని తరచుగా ఉబ్బుచున్నచో దానికి శస్త్రచికిత్స తప్ప దారి లేదు. ఈ నాలుగింటికిని ఒకే సీసా ఎట్లు మందగును? పట్టణపు కొట్టములలో తరువాతి మూడు రకములే ఎక్కువగా రాగలవని మేతను చూచినవారెవరైనను గ్రహింపగలరు.

నురుగు ఉబ్బరములో సైతము టర్పెంటైన్ లేకున్నను పని జరుగును. వేరుసెనగ నూనెయో, మరియొక వంటనూనెయో పావు లీటరు నుండి అర లీటరు వరకు పట్టినచో నురుగు విరుగును. ఇది పశువైద్య గ్రంథములు ఒప్పుకొన్న సంగతి. టర్పెంటైన్ వాడినను వైద్యులు పెద్ద గేదెకు 30 నుండి 60 మి.లీ. మాత్రమే, అది కూడ అర లీటరుకు తగ్గని నూనెలో బాగుగా కలిపి వాడుదురు. ఆ కొలత వైద్యునికి తెలియవలసినది. చేతివాటముగా పోయవలసినది కాదు. నూనె లేకుండ ఒంటి తైలము పోసినచో నోరు, గొంతు, పొట్ట పుండు పడును, మూత్రపిండములు చెడును.

అన్నిటికంటె పెద్ద అపాయము పట్టుటలో ఉన్నది. గేదె తల పైకెత్తి, నాలుక బయటికి లాగి, వెదురు గొట్టముతో గబగబ పోయుట మన పల్లెలలో ఇంకను కలదు. అప్పుడు తైలము గొంతులోనికి పోక ఊపిరితిత్తులలోనికి పోవును. పలుచని తైలము కొద్దిగా చేరినను అక్కడ వాపు పుట్టించి న్యుమోనియా తెచ్చును. ఉబ్బరము తగ్గినదని సంతోషించిన రైతు రెండు మూడు దినముల తరువాత గేదె దగ్గుచు, ముక్కు కారుచు పడిపోయినప్పుడు దిష్టి తగిలినదనుకొనును. తగిలినది దిష్టి కాదు. మనము పోసిన మందే.

కాబట్టి వైద్యుడు వచ్చులోపల రైతు చేయవలసినది ఇది. మేత ఆపవలెను. ముందుకాళ్ళు మెరకపై ఉండునట్లు గేదెను నిలబెట్టవలెను. వేపకర్రను కళ్ళెమువలె నోటికి అడ్డముగా కట్టినచో అది నమలుచు లాలాజలము మ్రింగును, త్రేన్పు వచ్చును. ఎడమ డొక్కను చేతితో మర్దించుచు మెల్లగా నడిపించవలెను. పచ్చిమేతవలన వచ్చిన ఉబ్బరమని తెలిసినచో వంటనూనెను నోటి ప్రక్కనుండి కొద్దికొద్దిగా, తల నేలకు సమముగా ఉంచి పట్టవలెను. దగ్గినచో వెంటనే ఆపి తల వదలవలెను. పడుకొన్న పశువుకు, మ్రింగలేని పశువుకు ఏదియు పట్టరాదు. ముక్కులో ఎన్నడును పోయరాదు. మొదట చేయవలసిన పని మాత్రము 1962 నెంబరునకు ఫోను చేయుట. సంచార పశువైద్య వాహనమును పిలుచుటకు ఉచితమైన నెంబరు అది. ప్రాణము మీదికి వచ్చినప్పుడు వైద్యుడు ఎడమ డొక్కలో ట్రోకార్ అను గొట్టపు సూది దింపి గాలి తీయును. ఆ పనిని కత్తితో ఇంటిలో అనుకరించరాదు.

ఇంకొక సంగతి పాలు అమ్మువారికి. ఈ తైలము కడుపులోనికి పోయినచో పాలకు వాసన పట్టును. మందు పట్టిన గేదె పాలు కొద్ది దినములు కేంద్రమునకు పోయరాదు. ఎన్ని దినములో వైద్యుని అడుగవలెను. ఒక్క గేదె పాలు కలిపి డబ్బా అంతయు తిరుగగొట్టించుకొనుట ఏమి లాభము?

రాకుండ చూచుకొనుట అన్నిటికంటె చౌక. పచ్చిమేతకు ముందు కొంత ఎండు చొప్ప వేయుడు. మంచు తడి ఆరని లేత మేత వేయకుడు. విందు మిగులును తొట్టిలో కుమ్మరింపకుడు. కూరగాయల చెత్తను చేతితో కెలికి ప్లాస్టిక్‌ను ఏరివేసిన తరువాతనే వేయుడు.

ఇంటిలో పిల్లలున్నారు

పశువు సంగతి ముగిసినది. ఇక మనుష్యుల సంగతి. కీళ్ళ నొప్పులకు రుద్దు లినిమెంటులలో, జలుబునకు రొమ్ముపై పూయు లేపనములలో ఈ తైలము కొలత ప్రకారము కలుపుట ఉన్నది. తయారైన ఆ మందులను చీటీపై వ్రాసినట్లు వాడుకొనవచ్చును. ఒంటి తైలమును మాత్రము చర్మముపై రుద్దరాదు, మండి బొబ్బలెక్కును. పుండుపైన, గీతపడిన చోట పూయరాదు. పసిపిల్లల ముక్కునకు, రొమ్మునకు పూయరాదు. కడుపులో పురుగులకని త్రాగుట పాత కాలపు వాడుక. నేటి వైద్యము దానిని పూర్తిగా విడిచిపెట్టినది. నేడు నులిపురుగులకు సురక్షితమైన మాత్రలు పాఠశాలలలోను, అంగన్‌వాడీలలోను ఉచితముగా ఇచ్చుచున్నారు.

మూడు చెంచాలు, అనగా 15 మి.లీ. తైలము లోనికి పోయినను పసిబిడ్డ ప్రాణము పోవచ్చునని వైద్య గ్రంథములు హెచ్చరించుచున్నవి. నీరువలె కనబడు తైలమును నీళ్ళ సీసాలో పోసి గూటిలో పెట్టిన ఇంటిలో ఇక ఏమి రక్షణ ఉన్నది? బిడ్డ త్రాగినట్లు అనుమానము కలిగినచో వాంతి చేయింపరాదు. వాంతిలో తైలము ఊపిరితిత్తులలోనికి పోవును. పాలు, నూనె పట్టరాదు. నోరు తుడిచి, తడిసిన బట్టలు మార్చి, సీసాను కూడ తీసికొని 108 వాహనములో ఆస్పత్రికి పోవలెను. బిడ్డ ఆడుకొనుచున్నను పోవలెను. దగ్గు, ఆయాసము గంటల తరువాత రావచ్చును. కంటిలో పడినచో పదిహేను నిమిషములకు తగ్గకుండ మంచినీటితో కడిగి వైద్యునికి చూపవలెను.

నిప్పు సంగతియు మరువరాదు. మన వేసవి మధ్యాహ్నపు వేడికే ఈ తైలమునుండి అంటుకొనదగిన ఆవిరి లేచును. పొయ్యి వద్ద, దీపము వద్ద, బీడీ కాల్చుచు దీనిని తాకరాదు. తైలపు గుడ్డలను మూలకు గుట్టగా పడవేసినచో వానియంతట అవే వేడెక్కి రాజుకొనగలవు. విడివిడిగా ఆరవేసి పారవేయవలెను. కొట్టము శుభ్రతకు చల్లు బ్లీచింగు పొడిని ఈ తైలము దరిదాపుల ఉంచరాదు. రెండును కలిసినచో భగ్గుమనును. తెల్ల ఫినాయిలులోని పైన్ నూనె కూడ ఈ వంశములోనిదే. అది నేల కడుగుటకే గాని పుండు కడుగుటకు కాదు. పాలు పితుకు వేళ చల్లినచో పాలకు వాసన అంటును.

అభ్యంతరములు రెండు

"మా తాతల నాటినుండి వాడుచున్నాము, ఏమియు కాలేదు" అని కొందరు అందురు. తాతలు వాడినది ఎక్కువగా చెట్టు తైలము. మనుమలు కొనుచున్నది చమురు. పేరు మారలేదు గాని సరుకు మారినది. పైగా ఆనాడు చనిపోయిన గేదె ఉబ్బరమువలన చనిపోయెనో, మందువలన చనిపోయెనో లెక్క చూచినవారు లేరు.

"అర్ధరాత్రి వైద్యుడు రానప్పుడు చేతులు కట్టుకొని కూర్చుండుమా?" అని మరికొందరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము చేతులు కట్టుకొనుమని కాదు. వంటింటిలో అర లీటరు వేరుసెనగ నూనె ప్రతి ఇంటను ఉన్నది. అది నురుగును విరుచును. పొరబాటున ఎక్కువైనను విషము కాదు. మెరకపై నిలుపుటకు, నోటికి కర్ర కట్టుటకు ఖర్చు లేదు. చేయదగినవి ఇన్ని ఉండగా చేయరాని దానితో మొదలుపెట్టుట ఎందుకు? అయితే ఈ ప్రశ్నలో ప్రభుత్వ శాఖలు వినవలసిన మాట కూడ కలదు. పట్టణపు అంచులలోని పాడివారిని పల్లె లెక్కలోను చేర్చక, పట్టణపు లెక్కలోను చేర్చక వదలివేయుట తగదు. రాత్రి వేళ పశువైద్య సహాయము వారికి కూడ అందవలెను. రైతు సీసా వైపు చేయి చాచుటకు అసలు కారణము వైద్యుడు దూరమగుటయే.

ఏమి చేయవలెను?

గ్రామాధికారులు, పంచాయతీ కార్యదర్శులు, పాల సంఘముల పెద్దలు తలచుకొన్నచో ఒక నెలలో చేయగల పనులు కొన్ని కలవు. పాల కేంద్రము గోడపై 1962 నెంబరును పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. ఉబ్బరము వచ్చినప్పుడు చేయదగినవి, చేయరానివి దాని క్రింద వ్రాయించవలెను. చదువురానివారికి బొమ్మలు గీయించవలెను. చీటీ ఉన్న ఔషధపు తైలము ఒక సీసా, రబ్బరు తొడుగులు, చిమటా, పర్మాంగనేటు, వేపనూనె ఒక పెట్టెలో పెట్టి కేంద్రములోనే తాళము వేసి ఉంచవలెను. పుండులో పురుగు పడినవారు అక్కడికి రావలెను. ఇంటింటికి సీసా అక్కరలేదు. నెలకొక దినము పశువైద్యుని పిలిపించి మందు పట్టు తీరు చేసి చూపించుమని కోరవలెను. చేతితో చూపిన పాఠము చెవితో విన్న పాఠముకంటె గట్టిగా నిలుచును.

రంగుల దుకాణదారులకు కూడ ఒక మనవి. "పశువులకు, మనుష్యులకు మందు కాదు" అని తెలుగులో ఒక చీటీ వ్రాసి ఆ డబ్బాల వద్ద అంటించుటకు అర్ధరూపాయి ఖర్చు కాదు. కుర్రవాడు వచ్చి "గేదెకు కావలెను" అన్నచో, "ఇది కాదు నాయనా, మందుల దుకాణమునకు పొమ్ము" అని చెప్పుటకు అదియు కాదు.

రైతు సోదరులారా, ఈ పత్రిక ముగించి లేచినప్పుడు ఒక్క పని చేయుడు. చూరు క్రింద ఉన్న ఆ సీసాను దింపి చూడుడు. దానిపై చీటీ ఉన్నదా? ఎక్కడ కొన్నారో జ్ఞాపకమున్నదా? లేనిచో అది రంగు పనికి పోవలసినదే గాని మీ గేదె నోటికి పోవలసినది కాదు. ఉన్నచో దానిపై "పుండునకు మాత్రమే, త్రాగరాదు" అని మీ చేతితో వ్రాసి, పిల్లలకు అందని పెట్టెలో పెట్టి తాళము వేయుడు. హిమాలయపు చెట్టు తన గాయమును మాన్పుకొనుటకు కార్చిన బంక అది. మన పశువుల గాయము మాన్పుటకు దానిని వాడుకొందము. వాని ప్రాణము తీయుటకు కాదు.